ఇల్లు కట్టించు రైతు మేస్త్రి నెన్నుకొనుట

యాసంగి ధాన్యపు సొమ్ము చేతికి వచ్చినంతనే మన యనంతగిరి మండలములోను, కోదాడ, మిర్యాలగూడ వైపు గ్రామములలోను క్రొత్త యిండ్లకు ముగ్గులు పోయుట మొదలగును. ఎద్దును కొనువేళ పండ్లు చూచి, నడిపించి, అరక గట్టి చూచెడి రైతు, ఇరువది యెద్దుల వెల చేయు నింటిని కట్టించునపుడు మాత్రము మేస్త్రి మాటనేర్పు చూచి బయానా యిచ్చివేయుచున్నాడు.

మే మెఱిగిన యొక సభ్యుడు మూడేండ్ల పంట సొమ్ము కూడబెట్టి, పునాది లేవకముందే సగము మేస్త్రికి ముట్టజెప్పెను. గోడలు కిటికీల యెత్తునకు లేచినవి. అంతట మేస్త్రి వేఱొక యూర పని పట్టుకొని పోయెను. రెండు వానకాలములు గోడలు తడిసిన పిదప, అప్పు చేసి మఱియొకనిచే పని ముగింపవలసి వచ్చెను. ఆ మొదటివాడు వట్టి మోసగాడని మేము చెప్పము. ఒకచోటి బయానాతో వేఱొకచోటి పని నడుపుట వాని వాడుక. అట్టి వాడుక గలవారు పెక్కుమంది కలరు. దీనిని ముందుగా కనిపెట్టుటకు మార్గ మొక్కటియే: సిమెంటు, ఇనుము అమ్ము దుకాణమువారిని, వానివద్ద పనిచేయు కూలీలను విచారించుట. వారము వారము కూలి సరిగా ఇయ్యనివాడు మీ పనియు సరిగా ముగింపడు.

మేస్త్రి కట్టిన యిండ్లను చూడవలయును. రంగులు వేసిన క్రొత్త యిల్లు ప్రతిదియు బాగుగనే యుండును. మూడు నాలుగు వానలు తిన్న యింటిని, వానకాలములోనే పోయి చూడుడు. స్లాబు క్రింద చెమ్మ దిగినదా, తలుపు మూలలనుండి పగుళ్ళు పాఱినవా, పని మధ్యలో మేస్త్రి యెక్కువ సొమ్మడిగెనా యని ఆ యింటి యిల్లాలి నడిగిన నిజము తెలియును. మగవారు తాము మోసపోయితిమని చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు.

తరువాత పునాదిని గూర్చి యడుగుడు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై నిలిచిన గోడ యేటేట కదలును. ఎఱ్ఱనేలకు, రేగడికి ఒకే లోతు చాలునను మేస్త్రికి పని తెలియదని యెంచవచ్చును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు రేగడి నేలలకై, అడుగున ఉబ్బెత్తు బుడ్డ గల కాంక్రీటు స్తంభముల పునాదిని రూపొందించినారు. ఇవి సాధారణముగ 3.5 మీటర్ల లోతునకు తగ్గకుండ దిగును. అందఱకు ఇది యవసరము కాకపోవచ్చును. కాని రేగడిలో కట్టువారు ఒకమాఱు ఇంజనీరునకు నేల చూపి సలహా పొందుట మేలు. ఆ రుసుము తరువాత పగుళ్ళు పూడ్చు ఖర్చుకన్న మిక్కిలి తక్కువ.

మేళ్ళచెఱువు, మఠంపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారము లున్నవి గనుక మనకు సరకు దగ్గరనే దొరకును. 1967 లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగర్ ఆనకట్ట రాతికట్టడమే గనుక మేస్త్రిపని మన ప్రాంతమునకు క్రొత్తయు గాదు. అయినను మంచి సిమెంటు చెడ్డ చేతిలో పాడగును. పోయుట సులువని కాంక్రీటులో నీరు విస్తారముగ కలుపుట మన మేస్త్రుల సామాన్య దోషము. స్లాబునకు 50 కిలోల బస్తాకు సుమారు 27 లీటర్లు మించరాదు. తడి యిసుకలోని నీరును ఇందులోనిదే. పోసిన పిదప కనీసము 7 దినములు, బూడిద కలిపిన సిమెంటైనచో 10 దినములు తడి యాఱకుండ చూడవలయును. ఇనుమును మీరే తూచుకొనుడు: 12 మిల్లీమీటర్ల కమ్మి 12 మీటర్ల పొడవునకు సుమారు 10.6 కిలోలు, 8 మిల్లీమీటర్లది సుమారు 4.7 కిలోలు తూగవలయును. ఈ లెక్కలు చెప్పిన కోపగించుకొను మేస్త్రిని విడిచి, కొలపాత్ర తెచ్చువానిని పట్టుకొనుడు.

ఒడంబడిక వ్రాతమూలకముగ నుండవలయును. చదరపుటడుగు లెక్కన బేరమాడినపుడు ఆ యడుగులు గోడల వెలుపలి కొలతయా, స్లాబు కొలతయా? మెట్లు, సజ్జలు, పిట్టగోడ అందులో చేరునా? తగవులలో పెక్కు ఇచ్చటనే పుట్టుచున్నవి. సొమ్ము పని జరిగిన కొలది ఈయవలయును. 2024 లో ప్రారంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకములో 5 లక్షల రూపాయలను పునాదికి 1 లక్ష, గోడలు కప్పుమట్టమునకు లేచిన పిదప 1.25 లక్షలు, స్లాబునకు 1.75 లక్షలు, పూర్తియైన పిదప 1 లక్షగా నిర్ణయించిరి. ప్రభుత్వమే పని చూచి సొమ్మీయ నిశ్చయింపగా, రైతు ముందే యేల యీయవలయును? మా యభిప్రాయమున పదియవ వంతైన నొక వానకాలము గడచువఱకు నిలిపి యుంచుట మంచిది. ప్రతి చెల్లింపునకు రసీదు పుచ్చుకొనుడు. వినియోగదారుల రక్షణ చట్టము గృహనిర్మాణమునకును వర్తించును గనుక, పని చెడినపుడు జిల్లా కమిషను నెదుట ఆ కాగితములే సాక్ష్యము.

పని మధ్యలో చేయు మార్పులకు మేస్త్రి తన యిష్టము వచ్చిన వెల కట్టును. కావున త్రవ్వకముందే నేలపై ముగ్గుతో గదులు గీయించి, ఇంటి ఆడువారిని అందు నడచి చూడుమనవలయును. పొయ్యి యెచ్చట, నీళ్ళతొట్టి యెచ్చట, ధాన్యపు బస్తాలు ఏ వాకిట లోనికి వచ్చునో వారు చెప్పిన పిదపనే ఒడంబడికపై సంతకము చేయుడు.