అంగుళం ఎత్తు సైన్యాలు

బొమ్మలతో ఆడుకునేది చిన్నపిల్లలే అనుకుంటాం. కానీ ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో ఉద్యోగస్తులు, రిటైరైన పెద్దవాళ్లు కూడా తీరిక వేళల్లో టేబుల్ ముందు కూర్చుని, అంగుళం ఎత్తు సైనికుల బొమ్మలకు సన్నని కుంచెతో రంగులు వేస్తుంటారు. ఒకటీ రెండూ కాదు, వందల బొమ్మలు. సెలవు రోజున స్నేహితులంతా చేరి టేబుల్ మీద కొండలు, వాగులు, ముళ్లకంచెలు అమర్చుతారు. పాచికలు వేస్తూ ఎప్పుడో జరిగిన ఒక యుద్ధాన్ని మళ్లీ ఆడతారు. దీన్నే వార్‌గేమింగ్ అంటారు. 19వ శతాబ్దంలో ఐరోపా దేశాలు ఆఫ్రికా, ఆసియా ఖండాల్లో చేసిన యుద్ధాలను ఆడటం అందులో ఒక పెద్ద శాఖ. దాని పేరు కలోనియల్ వార్‌గేమింగ్, అంటే వలస యుద్ధాల ఆట.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఈ విషయం ఎందుకని మీకు అనిపించవచ్చు. నేను ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాళ్లలో మొదటివాణ్ణి. "చరిత్ర అంటే రాజుల పేర్లు, తేదీలు బట్టీ పట్టడమేగా" అని మా ఊళ్లో చాలామంది అంటారు. ఒక చిన్న బొమ్మకు సరైన రంగు వేయాలంటే ఎంత చరిత్ర తెలియాలో, ఆ చరిత్రను ఎవరు రాశారని కూడా ఎందుకు అడగాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఆట పుట్టుక

ప్రష్యా దేశంలో రైస్‌విట్జ్ అనే బారన్ 1812లో తమ రాజుగారికి ఒక యుద్ధపు ఆటను తయారుచేసి చూపించాడు. సైన్యంలో అధికారిగా ఉన్న ఆయన కొడుకు దాన్ని మ్యాపు మీద ఆడేలా మార్చి 1824లో నియమాలు అచ్చువేయించాడు. ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు దాన్ని వాడుకుంది. అంటే మొదట ఇది వినోదం కాదు, పాఠం.

1893లో ఇంగ్లండులోని బ్రిటన్స్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం మొదలుపెట్టింది. లోహం తక్కువ పడుతుంది కనుక ధర తగ్గింది, మధ్యతరగతి ఇళ్లలోకి బొమ్మ సైన్యాలు వచ్చాయి. 'ది టైమ్ మెషీన్' రాసిన హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో ఈ బొమ్మలతో ఆడే పద్ధతి రాశాడు. నిజమైన యుద్ధం కంటే బొమ్మల యుద్ధం ఎంతో మేలన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన 'వార్ గేమ్స్' పుస్తకంతో ఇది పెద్దల అభిరుచిగా స్థిరపడింది. 1979లో అమెరికాకు చెందిన ల్యారీ బ్రోమ్ వలస యుద్ధాల కోసమే 'ది స్వోర్డ్ అండ్ ది ఫ్లేమ్' అనే నియమాలు రాశాడు. ఇందులో ఒక్కో దళానికి 20 బొమ్మలు. ముందు ఎవరు కదలాలో పేకముక్క తీసి తేలుస్తారు. ఎర్ర ముక్క వస్తే ఒక పక్షం, నల్ల ముక్క వస్తే రెండో పక్షం.

1879: జులూ యుద్ధం

ఈ ఆటగాళ్లు ఎక్కువగా ఇష్టపడే యుద్ధాల్లో 1879 నాటి ఆంగ్లో-జులూ యుద్ధం ఒకటి. దక్షిణాఫ్రికాలో జులూ రాజ్యానికి అప్పుడు సెచ్వాయో రాజు. బ్రిటిష్ అధికారులు 1878 డిసెంబరులో ఆయనకు ఒప్పుకోలేని షరతులు పెట్టి, మరుసటి నెల సైన్యంతో లోపలికి వచ్చారు. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా కొండ దగ్గర విడిది చేసిన సుమారు 1,700 మంది సైన్యాన్ని 20 వేల మంది జులూ వీరులు చుట్టుముట్టి ఓడించారు. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. అదే రోజు సాయంత్రం మొదలై మర్నాడు తెల్లవారేదాకా రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చిన్న స్థావరంలో సుమారు 150 మంది బ్రిటిష్ పక్షం వాళ్లు తట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో 11 మందికి విక్టోరియా క్రాస్ వచ్చింది. చివరికి జులై 4న ఉలుండి యుద్ధంతో జులూ రాజ్యం ఓడిపోయింది.

1964లో వచ్చిన 'జులూ' సినిమా చూపించింది రోర్క్స్ డ్రిఫ్ట్ కథనే. ఆ సినిమా చూసి ఈ ఆటలోకి వచ్చినవాళ్లు ఎందరో. ఓడిన పెద్ద యుద్ధం కంటే నిలబడిన చిన్న యుద్ధమే ఎక్కువ ప్రచారం పొందిందని ఇక్కడ గమనించాలి.

సైన్యం తయారుచేయడం

మొదట లెక్క వేసుకోవాలి. ఒక్క బొమ్మ 20 మందికి ప్రతినిధి అనుకుంటే ఇసాండ్ల్వానాకు 1,000 జులూ బొమ్మలు, 85 బ్రిటిష్ పక్షం బొమ్మలు కావాలి. అన్ని చేయడం కష్టం కాబట్టి చాలామంది యుద్ధంలో ఒక మూలను మాత్రమే ఆడతారు.

ఎక్కువగా వాడే బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం కంటే కొంచెం ఎక్కువ. 15, 6 మిల్లీమీటర్ల బొమ్మలు కూడా ఉన్నాయి. ఇవి లోహంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో పోతపోసినవి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట బొమ్మ మీద సన్నని గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో గానీ చిన్న కత్తితో గానీ గీకేయాలి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే అచ్చుకు రాసిన నూనె వల్ల రంగు పట్టదు. చేతులు, ఆయుధాలు విడిగా వస్తే జిగురుతో అతికించాలి. ఆ పైన ప్రైమర్ అనే తొలి పూత వేయాలి.

ఆరిన తర్వాత అసలు రంగు. నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగులు దీనికి మంచివి. ముందు ఒక్కో భాగానికి ముదురు రంగు. తర్వాత బాగా పలుచన చేసిన నల్లని లేదా గోధుమ రంగు నీటిని బొమ్మంతా పారించాలి. అది ముడతల్లోకి, గుంటల్లోకి దిగి నీడలా కనబడుతుంది. చివరికి ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే ముక్కు, భుజం, మోకాలి మీద లేత రంగు తాకించాలి. చిన్న బొమ్మకు వెలుగునీడలు ఉండవు, మనమే కల్పించాలి. అన్నీ అయ్యాక మెరుపు లేని వార్నిష్ ఒక పూత. అడుగు పీఠానికి జిగురు రాసి ఇసుక చల్లితే నేల తయారవుతుంది.

ఏ రంగు? ఎవరు చెప్పారు?

కుంచె పట్టుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. బ్రిటిష్ సైనికుడి విషయంలో ఇబ్బంది లేదు. వాళ్ల దుస్తుల వివరాలు గుండీలతో సహా రికార్డుల్లో ఉన్నాయి. 24వ రెజిమెంటు ఎర్ర కోటుకు మెడపట్టీ ఆకుపచ్చ, ప్యాంటు ముదురు నీలం. హెల్మెట్ తెల్లదే కానీ ఎండలో దూరానికి మెరుస్తూ శత్రువుకు కనబడుతుందని సైనికులు దాన్ని టీ డికాక్షన్‌తో మరకలు చేసుకునేవారు. కాబట్టి తెలిసినవాడు హెల్మెట్‌కు తెల్లరంగు వేయడు, పాలిపోయిన గోధుమరంగు వేస్తాడు.

జులూ వీరుడి దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఒకే గోధుమరంగు డబ్బా తీసి వందమందికీ పూసేస్తారు. సినిమాల్లో చూసిన ఈకలు, తోకలు తగిలిస్తారు. కానీ ఆ అలంకారాల్లో చాలావరకు ఉత్సవాలకే. యుద్ధానికి వెళ్లేటప్పుడు ఎక్కువ భాగం తీసి పెట్టేవారు. డాలు రంగుకూ అర్థం ఉంది. జులూ సైన్యం 'ఇబుథో' అనే దళాలుగా ఉండేది. ఒకే ఈడు యువకులను ఒక దళంలో చేర్చేవారు. రాజు అనుమతి ఇచ్చేదాకా వాళ్లు పెళ్లి చేసుకోకూడదు. డాళ్లకు తోలు రాజుగారి పశువుల మందల నుంచి వచ్చేది. కుర్ర దళాలకు ముదురు రంగు డాళ్లు, పెళ్లయిన పెద్దల దళాలకు తెలుపు ఎక్కువున్న డాళ్లు. పెళ్లయినవాడి తల మీద 'ఇసికోకో' అనే నల్లని వలయం ఉంటుంది. చాలామంది చేతుల్లో ఈటెతో పాటు పాత తుపాకులు కూడా ఉండేవి. ఇవన్నీ తెలిశాక వంద బొమ్మల గుంపు కాస్తా వయసు, హోదా, దళం ఉన్న వందమంది మనుషులవుతుంది.

మూడో రకం బొమ్మలు కూడా ఉన్నాయి. వాటిని చాలామంది మరిచిపోతారు. బ్రిటిష్ పక్షాన పోరాడిన ఆఫ్రికన్లు, అంటే నటాల్ నేటివ్ కంటింజెంట్ వాళ్లు. వీళ్లకు యూనిఫారం ఇవ్వలేదు, తలకు ఒక ఎర్రగుడ్డ పట్టీ ఇచ్చారు. పదిమందిలో ఒకరికి మాత్రమే తుపాకి. ఇసాండ్ల్వానాలో బ్రిటిష్ పక్షాన చనిపోయినవాళ్లలో సుమారు 470 మంది ఆఫ్రికన్లే. ఎర్రకోట్ల సైన్యం చేసుకుని వీళ్లను చేయకపోతే ఆ టేబుల్ మీద ఉన్నది సగం చరిత్రే.

బొమ్మకు వేసే అంకె

రంగు తర్వాత అంకె. నియమాల పుస్తకాల్లో చాలావాటిలో ప్రతి దళానికీ శిక్షణ ఎంత, ధైర్యం ఎంత అని ఒక విలువ కడతారు. పాచికతో పాటు ఆ విలువ కూడా చూసి దళం నిలబడిందా పారిపోయిందా తేలుస్తారు. కొన్ని నియమాల్లో జులూలను క్రమశిక్షణ లేని ఆవేశపు గుంపుగా లెక్కవేస్తారు. కానీ వాళ్ల వ్యూహం చూడండి. ఎద్దు ఆకారంలో సైన్యాన్ని నిలబెట్టేవారు. మధ్యలో ఛాతీ శత్రువును ఎదురుగా పట్టుకుంటుంది. రెండు పక్కల కొమ్ములు పరుగెత్తి చుట్టుముడతాయి. వెనుక నడుము అవసరానికి సిద్ధంగా ఉంటుంది. 20 వేల మంది మైళ్ల పొడవునా ఈ పని చేయడం గుంపు వల్ల అయ్యేది కాదు. అక్కడ తప్పు జులూలది కాదు, అంకె వేసినవాడిది.

ఇది ఆటే కదా అని కొట్టిపారేయకండి. నిజ జీవితంలోనూ ఇలాంటి అంకెలు మనవాళ్లకు వేశారు.

ముళ్లకంచె దగ్గర మనవాళ్లు

జులూ యుద్ధం లాగే ఈ ఆటగాళ్లు మెచ్చే మరో యుద్ధం సూడాన్‌ది. 1885 మార్చి 22న ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న సువాకిన్ రేవుకు దగ్గరలో, టోఫ్రెక్ అనే చోట బ్రిటిష్, భారతీయ దళాలు జరీబా కడుతున్నాయి. జరీబా అంటే ముళ్లకంపతో వేసే దడి. పని ఇంకా పూర్తికాకముందే ఉస్మాన్ దిగ్నా అనుచరులు పొదల్లోంచి ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. ఆ రోజు అక్కడ ఉన్న దళాల్లో మద్రాస్ శాపర్స్ ఒకటి. శాపర్లంటే దారులు వేసే, కందకాలు తవ్వే, వంతెనలు కట్టే సైనికులు. మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ కూడా భాగమే. ఆ దళంలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉండేవారు. ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన కులాల వాళ్లు కూడా పెద్దసంఖ్యలో ఉండేవారు. ఆ పోరాటానికి గుర్తుగా మద్రాస్ శాపర్స్‌కు 'టోఫ్రెక్' అనే యుద్ధ గౌరవం దక్కింది.

ఇప్పుడు ఒక తేదీ గుర్తుంచుకోండి. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతి ఫ్రెడరిక్ రాబర్ట్స్. దక్షిణాది మనుషులు ఉత్తరాది 'యుద్ధ జాతుల'కు సాటిరారని ఆయన గట్టి అభిప్రాయం. తర్వాత ఆయన భారత సైన్యానికే సర్వసేనాని అయ్యాడు. ఆ అభిప్రాయమే విధానమై, తర్వాతి సంవత్సరాల్లో తెలుగువాళ్ల భర్తీ తగ్గిపోయింది. మహారాష్ట్రకు చెందిన మహర్లకూ 1890లలో సైన్యం తలుపులు మూసుకున్నాయి. డాక్టర్ అంబేద్కర్ తండ్రి సుబేదారు రామ్‌జీ సక్పాల్ అదే సైన్యంలో పనిచేసినవారు. సైన్యంలో ఉద్యోగమంటే జీతమే కాదు, చదువు కూడా. ఒక అధికారి వేసిన అంకె వల్ల ఎన్ని ఇళ్లలో చదువు ఒక తరం వెనక్కి పోయి ఉంటుందో ఆలోచించండి.

ఈ సైనికులు పోరాడింది వలస పాలకుల కోసం, తమలాంటి మరో జాతి మీద. అది కూడా దాచకూడదు. ధైర్యాన్ని గుర్తించడం వేరు, ఆ యుద్ధం న్యాయమైనదని చెప్పడం వేరు.

మన హాస్టల్లో చేయాలంటే

విదేశీ బొమ్మలు మనకు ఖరీదు. కానీ మార్గం ఉంది. సన్నని రాగితీగను మనిషి ఆకారంలో వంచి, దాని మీద ఎం-సీల్ ముద్దను తడిచేత్తో అద్దితే ఒళ్లు తయారవుతుంది. అది తొందరగా గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ముఖం, ముడతలు గుండుసూదితో గీయవచ్చు. చీపురుపుల్ల ఈటె అవుతుంది, పాత పెళ్లికార్డు డాలు అవుతుంది. రూపాయి బిళ్ల చుట్టూ గీసి అట్ట కత్తిరిస్తే పీఠం. ఫెవికాల్, ఇసుక, జీరో నంబరు కుంచె, అయిదారు అక్రిలిక్ రంగులు చాలు. ఎం-సీల్ ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. బ్లేడు పని చిన్నతరగతుల పిల్లలకు ఇవ్వకండి.

తమ్ముళ్లూ, ఒక గదికి ఒక దళం చొప్పున 20 బొమ్మలు తీసుకోండి. ఒక గది జులూ కుర్ర దళం, ఒక గది పెద్దల దళం, ఒక గది ఎర్రపట్టీల ఆఫ్రికన్లు, ఒక గది ముళ్లకంప కొడుతున్న మద్రాస్ శాపర్లు. ప్రతి బొమ్మకూ రంగు వేసేముందు "ఇది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు" అని అడిగి, జవాబు నోట్‌బుక్‌లో రాసుకోండి. సాంఘికశాస్త్రం మాస్టారికి చూపించండి. వచ్చే వార్షికోత్సవానికి స్టేజీ పక్కన ఒక బల్ల మీద ఇవి పెడితే, మన తల్లిదండ్రులకు మీరే దగ్గరుండి ఒక్కొక్కటీ ఎవరో చెప్పవచ్చు.