క్యూబు ఎందుకు మొరాయిస్తుంది? స్ప్రింగు బిగుతు, కందెనల వెనుక ఉన్న భౌతికశాస్త్రం

గత డిసెంబరులో ఒక ఉదయం మా అక్క కొడుకు తన రూబిక్స్ క్యూబును తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పిన్నీ, నిన్న రాత్రి వెన్నలా తిరిగింది. పొద్దున లేచి చూస్తే అసలు కదలట్లేదు" అన్నాడు. హైదరాబాదులో అప్పుడు చలి బాగా ఉంది. క్యూబు విప్పి చూస్తే ముక్కల మధ్య తెల్లగా, మైనంలా పేరుకున్న పదార్థం కనిపించింది. వాసన చూడగానే విషయం అర్థమైంది. వాడు క్యూబుకు కొబ్బరినూనె పట్టించాడు.

కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. చలికాలం ఉదయాన సీసాలో నూనె ఎలా బిగుసుకుపోతుందో, క్యూబులోనూ అలాగే బిగుసుకుంది. అయితే నూనె పోయాల్సిన అవసరం ఎందుకొచ్చిందని అడిగితే వాడు కాస్త సిగ్గుపడ్డాడు. తరగతిలో స్నేహితులు 25 సెకన్లలో క్యూబు పూర్తి చేస్తుంటే వాడు 40 సెకన్ల దగ్గరే ఆగిపోయాడట. తన వేళ్ళలోనే ఏదో లోపం ఉందని అనుకుంటున్నాడు.

వేళ్ళలో లోపం లేదు. క్యూబు సరిగ్గా అమరలేదు, అంతే. వాడి ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్న 'ఘర్షణ' పాఠంతోనే దాన్ని సరిచేయవచ్చు.

లోపల ఏముంది?

హంగేరీకి చెందిన ఎర్నో రూబిక్ 1974లో బుడాపెస్టులో ఈ క్యూబును తయారు చేశారు. బయటికి 27 చిన్న ఘనాలు పేర్చినట్టు కనిపిస్తుంది కానీ, ముక్కలు 26 మాత్రమే. మధ్యలో 27వ ఘనం ఉండాల్సిన చోట ఆరు వైపులకు చేతులు చాచిన ఒక ఇరుసు ఉంటుంది. ఆరు కేంద్రపు ముక్కలు ఈ చేతులకు స్క్రూలతో బిగించి ఉంటాయి. మిగిలిన 12 అంచు ముక్కలు, 8 మూల ముక్కలు దేనికీ అతికి ఉండవు. ఒకదాని పాదం మరొకదాని కింద దూరి, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

ప్రతి కేంద్రపు ముక్కలో, స్క్రూ తలకూ ముక్కకూ మధ్య ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. అది కేంద్రపు ముక్కను ఎప్పుడూ ఇరుసు వైపు నొక్కుతూ ఉంటుంది. క్యూబు మొత్తం విడిపోకుండా నిలిచేది ఈ ఆరు స్ప్రింగుల వల్లే. క్యూబు తిరగడానికి అడ్డుపడే ఘర్షణకు మూలం కూడా ఆ నొక్కుడే.

ఒక పొర తిరిగేటప్పుడు ముక్కలు ఎంత వేగంతో రాసుకుంటాయో లెక్కవేద్దాం. మామూలు క్యూబు వెడల్పు సుమారు 56 మిల్లీమీటర్లు. చురుకైన చేతులు ఒక పావు చుట్టును పదో వంతు సెకనులో తిప్పేస్తాయి. అప్పుడు ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ప్లాస్టిక్ ఉపరితలం సెకనుకు దాదాపు 31 సెంటీమీటర్ల వేగంతో జారుతుంది. ఒక్క పరిష్కారానికి ఇలాంటి కదలికలు యాభై, అరవై దాకా అవసరమవుతాయి. ప్రతి కదలికలో కొద్దిపాటి ఆలస్యం జరిగినా చివరికి అది సెకన్లలోకి చేరుతుంది.

ఒకే సూత్రం, రెండు మీటలు

ఫ్రెంచి శాస్త్రవేత్త గిలామ్ అమోంటోన్స్ 1699లో చెప్పిన నియమం ప్రకారం, ఘర్షణ బలం ఉపరితలాలను ఒకదానికొకటి అదిమే బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పాఠ్యపుస్తకం భాషలో చెప్పాలంటే, ఘర్షణ బలం = ఘర్షణ గుణకం × అభిలంబ బలం. ప్లాస్టిక్ ముక్కల విషయంలో ఇది సుమారుగా మాత్రమే వర్తిస్తుంది. అయినా క్యూబును అర్థం చేసుకోవడానికి అది చాలు.

ఈ సూత్రంలో కుడివైపు రెండు రాశులున్నాయి. అభిలంబ బలాన్ని నిర్ణయించేది స్ప్రింగు. ఘర్షణ గుణకాన్ని మార్చేది కందెన. అంటే మన చేతిలో రెండు వేర్వేరు మీటలున్నాయి. చాలామంది పిల్లలు ఒకటి సరిచేయాల్సిన చోట రెండోదాన్ని కదుపుతారు. మా వాడు చేసింది అదే. స్ప్రింగులు అతిగా బిగిసి ఉంటే నూనె పోశాడు.

మొదటి మీట: బిగుతు

స్ప్రింగును ఎంత కుదిస్తే అంత బలంతో ఎదురు తిరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. స్క్రూను తిప్పితే జరిగేది ఇదే. స్క్రూ మర ఒక పూర్తి చుట్టుకు 1 మిల్లీమీటరు లోపలికి దిగుతుందని, స్ప్రింగు అప్పటికే 2 మిల్లీమీటర్లు కుదించుకుని ఉందని అనుకుందాం. పావు చుట్టు బిగిస్తే కుదింపు 2.25 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే ఆ ఒక్క పావు చుట్టుతోనే నొక్కే బలం 12.5 శాతం పెరుగుతుంది. చేతికి కొంచెంగా అనిపించే మార్పు క్యూబుకు అంత కొంచెం కాదు.

అలాంటప్పుడు స్ప్రింగులన్నీ వదులు చేసేస్తే సరిపోతుందా? సరిపోదు. ఘర్షణ తగ్గినప్పుడు అదుపు కూడా తగ్గుతుంది. పొర అనుకున్న చోట ఆగక ముందుకు జారిపోతుంది. వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ పోటీ నియమాల ప్రకారం, పరిష్కారం చివర ఏదైనా పొర 45 డిగ్రీలకు మించి పక్కకు తిరిగి ఉంటే ఒక కదలిక మిగిలినట్టే లెక్క. దానికి సమయంలో 2 సెకన్లు కలుపుతారు. 2023లో మాక్స్ పార్క్ నెలకొల్పిన రికార్డు 3.13 సెకన్లని గుర్తుచేసుకుంటే ఆ 2 సెకన్ల బరువెంతో తెలుస్తుంది.

మరీ వదులైతే ఇంకా పెద్ద చిక్కు వస్తుంది. ఆట మధ్యలో అంచు ముక్క ఊడి ఎగిరిపోవచ్చు. లేదా మూల ముక్క ఉన్నచోటనే గిర్రున తిరిగిపోవచ్చు. ఈ రెండోది మనకు తెలియకుండానే జరుగుతుంది. ఒక్క మూల ముక్క అలా తిరిగితే, తర్వాత పొరలను ఎన్నిసార్లు ఎలా తిప్పినా క్యూబు పూర్తికాదు. ఇది గణితం గీసిన గీత. అలాంటి క్యూబుతో కుస్తీపట్టి, తనకు రావడం లేదని పక్కన పడేసిన పిల్లలు ఎందరో.

మరీ బిగుతైతే ఇంకో సమస్య. వేగంగా ఆడేటప్పుడు ఒక పొర పూర్తిగా అమరకముందే పక్క పొరను తిప్పడం మొదలవుతుంది. అప్పుడు మూలలు ఒకదానికొకటి తగిలి, ముక్కలను బయటికి నెడతాయి. స్ప్రింగు ఆ క్షణంలో కాస్త లొంగితే, ముక్కలు సర్దుకుని దారి ఇస్తాయి. క్యూబు ఆడేవారు దీన్ని 'కార్నర్ కటింగ్' అంటారు. స్ప్రింగు లొంగకపోతే క్యూబు తాళం వేసినట్టు బిగుసుకుంటుంది.

కాబట్టి స్ప్రింగు మామూలుగా తేలిగ్గా నొక్కాలి, అవసరమైనప్పుడు లొంగాలి, కానీ ముక్క ఊడేంత దూరం పోనివ్వకూడదు. ఒక్క స్క్రూతో ఇవన్నీ సాధించడం కష్టం. దాన్ని వదులు చేస్తే నొక్కే బలం తగ్గడంతో పాటు ముక్క ఆడే దూరమూ పెరుగుతుంది. ఖరీదైన కొత్త క్యూబుల్లో ఈ రెండింటినీ విడివిడిగా మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. కొన్నింటిలో ముక్కల లోపల చిన్న అయస్కాంతాలను అమర్చుతారు. పొర సరైన స్థానానికి దగ్గరకు రాగానే అవి ఒకదాన్నొకటి లాక్కుని పొరను అక్కడ నిలబెడతాయి. దాంతో ఘర్షణ చేయాల్సిన పనిలో కొంత అయస్కాంతం చేస్తుంది. స్ప్రింగును వదులుగా ఉంచుకోవచ్చు.

రెండో మీట: కందెన

తలుపు బందులకో, కుట్టుమిషనుకో నూనె వేస్తే కిర్రుమనే చప్పుడు ఎందుకు ఆగుతుంది? నిశ్చలంగా ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదుపుతూ ఉండడానికి కావలసిన బలం కన్నా ఎక్కువ. మొదటిది స్థైతిక ఘర్షణ, రెండోది జారుడు ఘర్షణ. వీటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే వస్తువు పట్టుకుంటూ, జారుతూ, మళ్లీ పట్టుకుంటూ కుదుపులతో కదులుతుంది. ఆ కుదుపులే చప్పుడుగా వినిపిస్తాయి. కందెన రెండు ఉపరితలాల మధ్య పలుచని పొరగా నిలిచి, ఈ తేడాను తగ్గిస్తుంది.

అయితే కందెనతో ఇంకో సంగతి ఉంది. పొడి ఉపరితలాల మధ్య ఘర్షణ వేగాన్ని బట్టి పెద్దగా మారదు. ద్రవపు పొర వచ్చాక మాత్రం, వేగం పెరిగేకొద్దీ ఎదురుబలం కూడా పెరుగుతుంది. పాకంలో గరిటెను మెల్లగా తిప్పితే సులువుగా తిరుగుతుంది, గబగబా తిప్పితే చెయ్యి లాగుతుంది. చిక్కని ద్రవంలో ఈ ప్రభావం ఎక్కువ. ఆ చిక్కదనాన్నే స్నిగ్ధత అంటాం.

క్యూబులకు వాడే సిలికోన్ నూనెల సీసాల మీద 10 వేలు, 30 వేలు, 50 వేలు లాంటి అంకెలు కనిపిస్తాయి. అవి సెంటీస్టోక్ అనే ప్రమాణంలో స్నిగ్ధతను తెలిపేవి. ఈ ప్రమాణంలో నీటి విలువ సుమారు 1. అంటే 50 వేల అంకె ఉన్న నూనె నీటికన్నా 50 వేల రెట్లు చిక్కన. రిమోట్ రేసు కార్ల డిఫరెన్షియల్ గేర్లలో వేసేదీ ఇలాంటి నూనెనే. కొత్తగా నేర్చుకునేవారి క్యూబు మరీ జారుడుగా ఉంటే చిక్కని నూనె మెత్తని బ్రేకులా పనిచేస్తుంది. నీటి ఆధారిత కందెనలు దీనికి వ్యతిరేకం. పలుచగా ఉండి వేగాన్నిస్తాయి కానీ, నీరు ఆవిరయ్యేకొద్దీ వాటి ప్రభావం తగ్గిపోతుంది. తరచుగా మళ్లీ వేయాలి.

ఇంట్లో ఉన్న నూనెలు ఎందుకు వద్దు?

చాలా క్యూబులను ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పెట్రోలియం ద్రావకాలున్న తుప్పు వదిలించే స్ప్రేలు, కొన్ని రకాల నూనెలు ఈ ప్లాస్టిక్‌లోకి చొరబడి దాన్ని బలహీనపరుస్తాయి. స్క్రూ బిగింపు వల్ల అప్పటికే ఒత్తిడిలో ఉన్న చోట సన్నని పగుళ్లు పుడతాయి. వంటనూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి క్రమంగా జిగురుగా మారతాయి. కొబ్బరినూనె సంగతి ముందే చూశాం. సిలికోన్ నూనె ఏబీఎస్‌తో చర్య జరపదు. ఉష్ణోగ్రత మారినా దాని స్నిగ్ధత మిగతా నూనెలంతగా మారదు. మే నెల ఎండలోనూ, డిసెంబరు చలిలోనూ క్యూబు దాదాపు ఒకేలా తిరగడానికి కారణం ఇదే.

ఇంట్లో ఎలా సరిచేయాలి?

ముందు శుభ్రం చేయాలి. పాత నూనె, గాలిలోని దుమ్ము, అరిగిన ప్లాస్టిక్ పొడి కలిసి ఉప్పుకాగితంలా పనిచేస్తాయి. దాని మీదే కొత్త నూనె వేస్తే లాభం లేదు. పై పొరను 45 డిగ్రీలు తిప్పి, ఒక అంచు ముక్కను మెల్లగా పైకి లేపితే మిగిలినవి సులువుగా వస్తాయి. ఊడిన ముక్కలను తేలికపాటి సబ్బునీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. స్క్రూలు, స్ప్రింగులు ఉన్న ఇరుసును, అయస్కాంతాలు బయటికి కనిపించే ముక్కలను నీటిలో ముంచకుండా పొడిబట్టతో తుడిస్తే చాలు. తిరిగి పేర్చేటప్పుడు రంగులన్నీ కుదిరిన స్థితిలోనే పేర్చాలి. ఇష్టం వచ్చినట్టు పేరిస్తే, అది పరిష్కరించగల క్యూబు అయ్యే అవకాశం 12లో 1 మాత్రమే.

తర్వాత బిగుతు చూడాలి. కేంద్రపు ముక్కల మూతలు తీస్తే స్క్రూలు కనిపిస్తాయి. కందెన వేయకముందే ఈ పని చేయాలి, లేకపోతే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒక్కో పొరను వేళ్ళతో కొద్దిగా బయటికి లాగి, ఎంత సందు వస్తుందో ఆరు వైపులా పోల్చి చూడండి. ఒక వైపు బిగుతుగా, మరో వైపు వదులుగా ఉంటే క్యూబు వంకరగా నడుస్తుంది. ఆరూ సమానంగా ఉండడం, అవి ఎంత బిగుతుగా ఉన్నాయన్నదానికన్నా ముఖ్యం. ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు మించి తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ పై పొరను 30 డిగ్రీల దాకా పక్కకు జరిపి, పక్క పొర తిరుగుతుందో లేదో చూడండి. తిరగకపోతే ఇంకొంచెం వదులు చేయాలి. మూల ముక్క ఉన్నచోటనే తిరిగిపోతుంటే కొంచెం బిగించాలి.

చివరగా కందెన. చిక్కని సిలికోన్ నూనెను స్క్రూ, స్ప్రింగు తగిలే చోట చిన్న చుక్క వేస్తే కిర్రు చప్పుడు ఆగుతుంది. ముక్కల కోసం ఒకటి రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే క్యూబు బరువుగా తిరుగుతుంది. కందెన అంతటా సమంగా పరుచుకోవడానికి వంద కదలికలైనా తిప్పి, ఆ తర్వాతే బాగుందో లేదో తేల్చుకోవాలి.

క్యూబు దాటి

ఘర్షణ, అరుగుదల, కందెనలను కలిపి అధ్యయనం చేసే శాస్త్రానికి 'ట్రైబాలజీ' అనే పేరు 1966లో బ్రిటన్‌లో వెలువడిన ఒక నివేదికతో ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచంలో వాడే శక్తిలో దాదాపు ఐదో వంతు ఘర్షణను అధిగమించడానికే ఖర్చవుతోందని ఒక అంచనా. కారు ఇంజన్‌లో, కృత్రిమ మోకాలి కీలులో, గాలిమర బేరింగులో ఇంజనీర్లు వెతికేది కూడా ఇదే సమతూకం. ఎంత బిగించాలి, మధ్యలో ఏ పొర ఉండాలి?

మా వాడు ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. ఏ రోజు ఏ స్క్రూ ఎంత తిప్పాడో, ఆ రోజు పది ప్రయత్నాల సగటు ఎంతో రాస్తున్నాడు. మూడు వారాల్లో సగటు 40 సెకన్ల నుంచి 33కు దిగింది. క్యూబు బాగుచేసినందుకే ఇంత తగ్గిందని నేను సంబరపడుతుంటే వాడే నన్ను ఆపాడు.

"లేదు పిన్నీ. ఈ మూడు వారాలు రోజూ గంటసేపు ఆడాను కదా. అది కూడా మారింది. రెండూ ఒకేసారి మారితే ఏది దేనివల్లో ఎలా చెప్తాం?"