చిప్పు పెడితే బలం ఎక్కడినుంచి వస్తది?

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, రెండు వరుసల రోడ్డు ఉన్నచోట, ముందు గ్రానైట్ బండ వేసుకున్న లారీ తగులుతుంది. నిదానంగా పోతుంటుంది. ఎదురుగా కొంచెం ఖాళీ కనబడగానే మీరు ఎక్సలేటర్ తొక్కుతారు. బండి ఒక్క క్షణం ఆగి ఆలోచించినట్టు చేసి, ఆ తర్వాత లేస్తుంది. ఈలోపు ఎదురుగా బస్సు వచ్చేస్తుంది. మళ్లీ లారీ వెనకాలే నడక. ఇట్లా రెండు మూడుసార్లు అయ్యాక పక్క సీట్లో ఉన్నాయన ఒక మాట అంటాడు: "అన్నా, చిప్పు పెట్టియ్యరాదు? బండి గుర్రమైతది."

ఆ మాటలో అబద్ధం లేదు. చిప్పు పెడితే చాలా డీజిల్ ఎస్‌యూవీలు నిజంగానే చురుకవుతాయి. కానీ అంత బలం ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోకుండా పెట్టించుకుంటే, ఆ ఖర్చు వేరే రూపంలో వేరే రోజున తగులుతుంది.

పికప్ అంటే ఏమిటి?

షెడ్డులో పికప్ అంటారు, కంపెనీ కాగితాల్లో టార్క్ అంటారు. వీల్ నట్టు బిగుసుకుపోతే పానాకు పొడుగాటి పైపు తొడిగి తిప్పుతాం కదా, ఆ తిప్పే బలమే టార్క్. 2014లో వచ్చిన స్కార్పియోలోని 2,179 సీసీ ఎంహాక్ ఇంజన్ టార్క్ 280 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవున్న పానా చివర సుమారు 28 కిలోల బరువు వేలాడదీస్తే నట్టు మీద ఎంత బలం పడుతుందో, అంత. ఈ తిప్పుడును నిమిషానికి ఎన్ని చుట్లు నిలబెట్టగలదో కలిపి లెక్కేస్తే వచ్చేది హార్స్ పవర్. లారీని దాటేటప్పుడు వీపును సీటుకు ఆనించేది టార్క్.

ఇంజన్‌లో టార్క్ పెరగాలంటే మంట పెరగాలి. మంట పెరగాలంటే డీజిల్ ఎక్కువ పడాలి. ఆ డీజిల్ పూర్తిగా కాలాలంటే గాలి కావాలి. కిలో డీజిల్ కాలడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి పడుతుంది. ఆ గాలిని టర్బో కుక్కి పంపిస్తుంది. ఏ వేగంలో, ఎంత తొక్కినప్పుడు, ఎంత వేడిలో ఎంత డీజిల్ వదలాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ తన లోపలి పట్టికలు చూసి చెబుతుంది. చిప్పు పెట్టే ట్యూనర్ చేసే పనంతా ఈ పట్టికల చుట్టే తిరుగుతుంది.

చిప్పు అనే ఒక్క పేరు, నాలుగు వస్తువులు

బజారులో అన్నిటినీ చిప్పు అనే అంటారు. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది ట్యూనింగ్ బాక్స్. నేటి డీజిల్ ఇంజన్లలో ఇంధనం కామన్ రైల్ అనే పైపులో 1,600 బార్, కొన్నింట్లో 2,000 బార్ దాకా ఒత్తిడిలో నిలబడి ఉంటుంది. మీ కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త పైన. రైలులో ఒత్తిడి ఎంతుందో చెప్పే సెన్సర్‌కూ, ఈసీయూకూ మధ్యలో ఈ బాక్సు దూరుతుంది. ఉదాహరణకు అసలు ఒత్తిడి 1,500 ఉంటే 1,400 మాత్రమే ఉందని ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం మారకపోయినా ఎక్కువ డీజిల్ పడుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే, ఇది అబద్ధం చెప్పే పెట్టె.

రెండోది రీమ్యాప్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు ల్యాప్‌టాప్ కలిపి, ఈసీయూలోని పట్టికలను బయటికి తీసి, సవరించి, మళ్లీ లోపల రాస్తారు. ఇక్కడ అబద్ధం ఉండదు, కంప్యూటర్ ఆలోచననే మారుస్తారు. డీజిల్, టర్బో ఒత్తిడి, పొగ హద్దు, టార్క్ హద్దు, అన్నీ ఒకదానికొకటి సరిపోయేట్టు దిద్దవచ్చు. చేసేవాడికి పని తెలిస్తే బాక్సు కన్నా ఇది పద్ధతైన దారి. తెలియకపోతే ఇదే ఎక్కువ ప్రమాదం.

మూడోది పెడల్ బాక్స్. ఇది ఇంజన్ జోలికే పోదు. మీరు పావువంతు తొక్కితే సగం తొక్కినట్టు చెబుతుంది. బలం రవ్వంత కూడా పెరగదు, తొందర మాత్రం పెరుగుతుంది. అది లేకుండా మీరే గట్టిగా తొక్కినా అదే ఫలితం. నాలుగోది మైలేజ్ పెరుగుతుందని చెప్పి వందల్లో అమ్మే ఓబీడీ ప్లగ్గు. చాలావాటిలో మెరిసే లైటు తప్ప చెప్పుకోదగ్గ పని ఏమీ ఉండదు.

కంపెనీ ఎందుకు దాచింది?

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. అంత బలం లోపలే ఉంటే కంపెనీయే ఎందుకు ఇవ్వలేదు? ఇచ్చినప్పుడు ఏం చేసిందో చూస్తే జవాబు దొరుకుతుంది.

2017లో మహీంద్రా అదే స్కార్పియో ఇంజన్‌ను 140 హార్స్ పవర్‌కు, 320 న్యూటన్ మీటర్లకు పెంచింది. ఆ బండ్లకు కొత్త ఆరు గేర్ల బాక్సు ఇచ్చింది. పాత 120 హార్స్ పవర్ రకం అయిదు గేర్లతోనే ఉండిపోయింది. టొయోటా ఫార్చ్యూనర్ కథ ఇంకా తేటగా ఉంటుంది. 2016లో వచ్చిన 2.8 లీటర్ల డీజిల్ బలం 177 హార్స్ పవర్. 2021లో దాన్ని 204 చేశారు. అందుకు టర్బో మార్చారు, ఇంజెక్షన్ ఏర్పాటు మార్చారు, ఇంజన్ బ్లాకును గట్టిపరిచారు. అంత చేసీ, చేత్తో గేర్లు వేసే బండిలో టార్క్‌ను పాత 420 దగ్గరే ఆపారు. ఆటోమేటిక్‌లో మాత్రం 450 నుంచి 500కు తీసుకెళ్లారు. ఇంజన్ ఒక్కటే, హద్దు వేరు. కారణం వెతికితే చూపు క్లచ్, గేర్‌బాక్సుల మీదికే పోతుంది. ఇంజన్ ఇవ్వగలిగినదంతా ఇవ్వడం కాదు, దాన్ని మోసే సామాను ఎంతవరకు భరిస్తుందన్నదే కంపెనీ వేసే లెక్క.

ట్యూనర్ సాధారణంగా 20 శాతం అటూ ఇటూ పెంచుతానంటాడు. ఆ 20 శాతాన్ని అతను కొత్తగా పుట్టించడు. కంపెనీ వదిలిపెట్టిన జాగాలోంచి తీసి ఇస్తాడు. ఆ జాగా ఊరికే వదిలింది కాదు. కల్తీ డీజిల్ పడ్డ రోజుకు, ఫిల్టర్ మూసుకుపోయిన రోజుకు, ఏడుగురితో సామాన్లేసుకుని ఘాట్ ఎక్కే రోజుకు, ఎండలు మండే మే నెలకు దాచి ఉంచింది. విత్తనపు గింజలు వండుకు తింటే ఆ పూట కడుపు నిండుతుంది. విత్తే రోజున తెలుస్తుంది సంగతి.

మన ఎండ, మన దుమ్ము

ఈ లెక్క ఉత్తర తెలంగాణలో ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ఆదిలాబాద్ వైపు చలికాలంలో కొన్ని తెల్లవారుజాములు 5 డిగ్రీలకు దిగుతాయి. అదే జిల్లాలోనూ, రామగుండంలోనూ మే నెల మధ్యాహ్నాలు 45 దాటుతాయి. గాలి వేడెక్కితే పలచనవుతుంది. 5 డిగ్రీల దగ్గర ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో, అంతే జాగాలో, ఎనిమిదో వంతు ఆక్సిజన్ తక్కువ. టర్బో ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ తిరగాలి. కుక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు బయటి నుంచి తగిలేది కూడా వేడి గాలే. నాగోబా జాతర నాటి చలిలో కేస్లాపూర్ పోయినప్పుడు బ్రహ్మాండంగా లాగిన ట్యూనింగ్, మే నెలలో ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కవచ్చు. డీజిల్ పడుతోంది, కాలడానికి గాలి చాలడం లేదని ఆ పొగకు అర్థం. పొగతోపాటు పొగగొట్టంలో వేడి పెరుగుతుంది. ఆ వేడికి ముందు అలిసేది టర్బో.

పైగా దుమ్ము. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, గోదావరిఖని వైపు బొగ్గు, ఆదిలాబాద్ పత్తి చేల మధ్య రేగడి మన్ను. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు ఊడదీసి, ఫిల్టర్‌ను టైరు మీద రెండుసార్లు కొడితే గుప్పెడు బూడిదరంగు పొడి రాలిపడుతుంది. మడతల లోపల ఇంకా అంత ఉంటుంది. ఊపిరాడని ఇంజన్‌కు ఇంకో చెంచా డీజిల్ పోయడం వైద్యం కాదు.

మైలేజ్ కూడా పెరుగుతదా?

బాక్సు పెట్టించుకున్నవాళ్లు చాలామంది మీటరు చూపించి మైలేజ్ పెరిగిందంటారు. వాళ్లు కల్పించి చెప్పడం లేదు. మీటరే తప్పు చెబుతోంది. డ్యాష్‌బోర్డు మీద కనబడే మైలేజ్‌ను ఈసీయూ తను వదిలాననుకున్న డీజిల్‌ను బట్టి లెక్కేస్తుంది. బాక్సు అబద్ధం వల్ల ఎక్కువ పడిన డీజిల్ ఆ లెక్కలోకి రాదు. నిజం తెలియాలంటే పాత పద్ధతే గతి. ఒకే బంకులో ట్యాంకు నింపండి, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ అక్కడే నింపండి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. చిప్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మెల్లగా తోలేవాడికి తేడా పెద్దగా కనబడదు. కొత్త పికప్ రుచి మరిగి తొక్కేవాడికి ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది.

మోసేవాటి మాట

టార్క్ పెరిగితే మొదట జారేది క్లచ్. ముఖ్యంగా పై గేర్‌లో, తక్కువ చుట్ల దగ్గర ఒక్కసారిగా తొక్కితే. అయిదో గేర్‌లో ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని గుర్తు.

ఇక బ్రేకులు. ఏ చిప్పూ వాటిని ముట్టదు. 80 వేగంలో ఆగడానికి బ్రేకులకు పట్టే దూరంతో పోలిస్తే 100 వేగంలో సగానికి పైగా ఎక్కువ దూరం పడుతుంది. వేగం పావువంతు పెరిగితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. ఎక్కేటప్పటి బలం గురించి షెడ్డులో గంట సేపు మాట్లాడుకుంటాం. దిగేటప్పటి బలం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగం.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఏ సెక్షన్, అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ట్యూనింగ్ వల్ల పొగ పెరిగితే ఆ ఫిల్టర్ తొందరగా నిండుతుంది. అప్పుడు "దాన్ని పీకేద్దాం" అనేవాళ్లూ ఉంటారు. అది మీ పిల్లలు పీల్చే గాలితో ఆట, చట్టం ముందు నేరం. వారంటీ ఉన్న బండికైతే ఇంకో చిక్కు: చాలా ఈసీయూలు తమలో ప్రోగ్రాం ఎన్నిసార్లు రాశారో గుర్తుపెట్టుకుంటాయి. పాతది మళ్లీ రాయించి కంపెనీకి తీసుకుపోయినా సంఖ్య మిగిలే ఉంటుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత క్లెయిము దగ్గర ఎదురు తిరుగుతుంది.

ముందు చేయాల్సిన పని

ఆరేళ్ల నాటి బండికి పికప్ తగ్గిందంటే చాలాసార్లు అది పోగొట్టుకున్న బలం, లేని బలం కాదు. కంపెనీ ఇచ్చిన బలమే బయటికి రావడం లేదు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు పైపును చేత్తో తడమండి. మడత దగ్గర నూనె జిడ్డు, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ చీలిక ఉన్నట్టే. తొక్కినప్పుడు ఆ చీలికలోంచి గాలి బుస్సుమంటుంది. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి గడ్డకట్టిందేమో చూపించండి. స్కానర్ పెట్టించి, ఈసీయూ అడిగిన టర్బో ఒత్తిడికీ, వస్తున్న ఒత్తిడికీ తేడా ఎంతుందో చదివించండి. టైర్లలో గాలి, పట్టుకుపోయిన బ్రేకు కూడా చూసుకోవాలి. వీటి తర్వాత చాలా బండ్లకు చిప్పు అవసరం గుర్తుకే రాదు.

ఇవన్నీ అయ్యాక కూడా మనసు చిప్పు మీదే ఉంటే, ట్యూనర్‌ను నాలుగు అడగండి. రోలర్ల మీద బండి పెట్టి ముందు ఎంత, తర్వాత ఎంత అని గ్రాఫు చూపిస్తవా? అసలు ఫైలు నాకు పెన్‌డ్రైవ్‌లో ఇస్తవా? నా బండి క్లచ్ ఎంత మోస్తదో చెప్తవా? చేసిన పని బిల్లు మీద రాసి సంతకం పెడ్తవా?

మొదటి మూడింటికి అతను ధీమాగా జవాబు చెప్పవచ్చు. నాలుగోదాని దగ్గర పెన్ను తీయడానికి వెనకాడితే, ఆ ఎక్కువ బలం ఎవరి ఖాతాలోంచి వస్తోందో మీకు అక్కడే అర్థమైపోతుంది.