శుభలేఖ పసుపు నిమ్మపండు రంగుకెందుకు జరిగింది?

శుభలేఖల దుకాణంలో పెళ్లివారు ముందు చూసేది అక్షరాలు కాదు, కార్డు అంచుకున్న పసుపు. వేసవిలో వేసి గోడకు పెట్టిన నమూనా చూపించి, శ్రావణంలో వచ్చినవాళ్లు అచ్చం అదే కావాలంటారు. ఫైలు అదే, డిజిటల్ ప్రెస్సూ అదే. తీరా కార్డు చేతికొచ్చాక చూస్తే పసుపుకొమ్ము రంగు కాస్తా నిమ్మపండు వైపు జరిగి ఉంటుంది. ఆపరేటర్ మీద కేకలేస్తారు గానీ, చాలాసార్లు తప్పు అతనిది కాదు, గాలిది.

ఈ యంత్రం పుట్టుకే పొడితో, కరెంటు చార్జితో ముడిపడింది. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో, ఒక అద్దె గదిలో చెస్టర్ కార్ల్‌సన్, అతని సహాయకుడు ఒట్టో కోర్నై గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో గట్టిగా రుద్దారు. సిరాతో తేదీ, ఊరి పేరు రాసిన గాజుపలకను దాని మీద పెట్టి, కొన్ని క్షణాలు దీపం వెలుగు పడనిచ్చారు. లైకోపోడియం పొడి చల్లి ఊదితే, అక్షరాలున్నచోట పొడి నిలిచిపోయింది. మైనపు కాగితం అద్ది దాన్ని ఎత్తుకున్నారు. ఆ ఉపాయాన్ని కొనడానికి పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి ముందుకు రాలేదు. చివరికి 1959లో జిరాక్స్ 914 వచ్చింది. అందులో ఇరుక్కున్న కాగితం అప్పుడప్పుడూ అంటుకునేదట, అందుకని మంటలార్పే చిన్న పరికరం కూడా జతచేసి ఇచ్చేవారు. దానికి పెట్టిన ముద్దుపేరు ‘స్కార్చ్ ఎలిమినేటర్’!

నేటి ప్రెస్‌లో గంధకం రేకు పోయి డ్రమ్ము వచ్చింది, దీపం పోయి లేజర్ వచ్చింది. సూత్రం మాత్రం అదే. సయాన్, మజెంటా, పసుపు, నలుపు టోనర్ పొడులు ఒకదానిమీద ఒకటి పడి, ఫ్యూజర్ వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటాయి. పసుపుకొమ్ము రంగంటే నిండుగా పసుపు, దానిమీద పలచగా మజెంటా. ఆ మజెంటా కాస్త తగ్గినా కన్ను పసిగట్టేస్తుంది.

ప్లేట్లతో పనిలేని రంగుల డిజిటల్ ప్రెస్‌లు, ఇండిగో, జైకాన్ కంపెనీలవి, 1993లో బజారుకొచ్చాయి. కంప్యూటర్, కెమెరా, ప్రింటర్ రంగు గురించి ఒకే భాష మాట్లాడాలని ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టుకున్నదీ ఆ ఏడాదే. దాని పంటే ప్రొఫైల్. ప్రెస్ మీద వందల రంగుల గళ్లున్న చార్టు వేస్తారు. ఐటీ8.7/4 అనే చార్టులో 1,617 గళ్లుంటాయి. స్పెక్ట్రోఫొటోమీటర్ ఒక్కో గడిని మూడు అంకెల్లోకి దించుతుంది: వెలుగెంత, ఎరుపు-ఆకుపచ్చల్లో ఎటు, పసుపు-నీలాల్లో ఎటు. ఏ టోనర్ ఎంత వేస్తే ఏ రంగు వస్తుందో చెప్పే ఆ పట్టికే ప్రొఫైల్.

అది యంత్రం జాతకం కాదు, ఆ రోజు తీసిన ఫొటో.

వానాకాలం గాలిలో తేమ పెరిగితే టోనర్ రేణువులకు చార్జి సరిగా పట్టదు. చార్జి తగ్గిన రేణువులు డ్రమ్ము మీదికి ఎక్కువగా దూకుతాయి. తేమ పీల్చిన కాగితం మీదికి మాత్రం సరిగా దిగవు, నిండు రంగున్నచోట మచ్చలు కట్టినట్టుంటుంది. పైగా నాలుగు రంగుల యూనిట్లూ ఒకే తీరున అరగవు. అందుకే పొద్దున్నే క్యాలిబ్రేషన్ చేసి, యంత్రాన్ని ఫొటో తీసిన నాటి స్థితికి తెచ్చుకోవాలి. అది వదిలేసి రోజుకో కొత్త ప్రొఫైల్ చేసేవాళ్లున్నారు. ముఖం కడుక్కోకుండా అద్దం మార్చడం లాంటిదది.

కొన్ని జబ్బులకు ప్రొఫైల్ మందే కాదు. షీటు మీద ఒకే చుక్క మళ్లీ మళ్లీ పడుతుంటే అనుభవమున్న మెకానిక్ ముందు అడిగేది స్కేలు. చుక్కకూ చుక్కకూ 94 మిల్లీమీటర్ల దూరముంటే, 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్మో రోలరో ఒక చుట్టు తిరిగిందన్నమాట. దోషి ఎవరో మూత తీయకముందే తేలిపోతుంది.

శ్రావణం కార్డుకు ఇంకో చిక్కూ ఉండొచ్చు. అదే 300 జీఎస్‌ఎం బరువున్న కాగితమైనా, కొత్త బండిల్ వేరే మిల్లుదైతే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఎక్కువై ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది నీలంగా మెరుస్తుంది. దుకాణంలోని ఎల్‌ఈడీ దీపాల్లో ఆ కిరణాలు దాదాపు ఉండవు, కాబట్టి కౌంటర్ దగ్గర పాత కార్డూ కొత్త కార్డూ కవలల్లాగే కనిపిస్తాయి. పెళ్లికూతురి తండ్రి రెండూ పట్టుకుని గుమ్మం దాటి, ఎండలో నిలబడి, మళ్లీ లోపలికొస్తాడు.