పట్టికలోని ఊరు పటం మీదికి

మన పల్లెల్లో పట్వారీల కాలం నుంచీ భూమి వివరాలు రెండు కట్టల్లో ఉండేవి. ఒకటి పహాణీ. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, ఎవరి పేర పట్టా, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట వేశారు అన్నవన్నీ అందులో వరుసలుగా ఉంటాయి. రెండోది నక్షా, అంటే ఊరి పటం. పహాణీలో గట్లు కనబడవు, నక్షాలో మనుషుల పేర్లు కనబడవు. ఈ రెంటినీ కలిపే ముడి ఒక్క సర్వే నంబరే. ఆ నంబరు రాయడంలో చేయి జారితే ఒకరి పొలం ఇంకొకరి పేర ఎక్కుతుంది. ఆ తర్వాత సంగతి మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు.

ఈ వ్యాసంలో నేను పరిచయం చేయదలచిన సాధనం కూడా ఆ రెండు కట్టలనూ ఒక్క చోటికి చేర్చేదే. కంప్యూటరులో విడివిడిగా పడి ఉన్న పట్టికలనూ పటాలనూ తీసుకొని డేటాబేసులోకి ఎక్కించే చిన్న పరికరం అది. కంప్యూటర్ సైన్సు వాళ్లకు ఇది మామూలు విషయం కావచ్చు. కాని జియాలజీ, కెమిస్ట్రీ, ఎకనామిక్స్, భూగోళం చదివే మిత్రులకే దీని అవసరం ఎక్కువ. ఎందుకంటే ఊళ్లు తిరిగి లెక్కలు తెచ్చేది వాళ్లే, వాటిని పోగొట్టుకునేదీ వాళ్లే.

ముందు పూర్వరంగం రెండు మాటల్లో. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ఆచార్యుడు 1986లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు పరిశోధన మొదలుపెట్టాడు. నేటి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దాని సంతానమే. దానికి బిందువులు, గీతలు, హద్దులు కూడా అర్థమయ్యేటట్లు చేసిన అనుబంధం పోస్ట్‌జిస్. దీన్ని కెనడాలోని రిఫ్రాక్షన్స్ రిసర్చ్ సంస్థ 2001లో విడుదల చేసింది. రెండూ ఉచితం, పైసా కట్టనక్కర లేదు. పటాలు సాధారణంగా షేప్‌ఫైలు రూపంలో మన చేతికి వస్తాయి. పేరుకు ఒక ఫైలే గాని నిజానికి అది ఒక గుంపు. హద్దుల ఆకారాలు ఒక దాంట్లో, వాటి సూచిక ఒక దాంట్లో, పేర్లూ అంకెలూ డీబీఎఫ్ అనే పాతకాలపు పట్టికలో ఉంటాయి. ఏ కొలమానంలో గీశారో చెప్పే చీటీ ఇంకొక దాంట్లో. స్నేహితునికి పెన్‌డ్రైవులో ఒక్క ఫైలే కాపీ చేసిచ్చి, “తెరుచుకుంటలేదేమిరా” అని అడిగేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

పోస్ట్‌జిస్‌తో పాటు వచ్చే లోడరు ఈ గుంపును ఒక్కసారిగా డేటాబేసులోకి ఎక్కిస్తుంది. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. డేటాబేసు పేరు, వాడుకరి పేరు, రహస్య పదం ఇవ్వాలి. ఫైలు ఎంచుకోవాలి. ఏ పేరుతో పట్టిక తయారు కావాలో, ఏ కొలమానమో, కొత్తగా సృష్టించాలో, ఉన్నదానికి కలపాలో, పాతది తీసేసి మళ్లీ పెట్టాలో చెప్పాలి. ఈ చివరిదాంతో జాగ్రత్త. అది పాత పట్టికను నిజంగానే తుడిచేస్తుంది. ఇక మీట నొక్కితే క్షణాల్లో పని పూర్తి. ఇంత సులువుగా ఉంటుంది గనుకనే మేం మోసపోయాం. ఆ సంగతే చెప్పబోతున్నాను.

గత వేసవిలో మేం నలుగురం హాస్టలు గదిలో కూర్చొని ఒక పని తలపెట్టాం. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లోని బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో పటం మీద రంగులతో చూపాలని. ఫ్లోరైడు మనకు పాఠ్యపుస్తకంలోని సంగతి కాదు. మన గ్రానైటు రాళ్లలోంచి నీళ్లలోకి దిగి, పళ్లను గార పట్టించి, ఎముకలను వంచేసే పదార్థం. నీళ్లలోంచి దాన్ని పటికతో, సున్నంతో తీసేసే విధానానికి నాగపూర్‌లోని నీరి పరిశోధకులు పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. మన ఊరి పేరు ప్రపంచ గ్రంథాల్లోకి ఎక్కింది ఇందుకన్న మాట. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సహించవచ్చు. ఈ పదేళ్లలో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చి తాగునీటి బాధ తగ్గిన మాట నిజమే. కాని బోర్లు ఎక్కడికీ పోలేదు.

పాత రిపోర్టుల్లోంచి ఎత్తి రాసిన అంకెలు కొన్ని, మేం సీసాల్లో తెచ్చి పరీక్షించిన నమూనాలు కొన్ని, అన్నీ ఒక పట్టికలో వేశాం. ఊళ్ల హద్దుల పటం లోడరుతో ఎక్కించాం. పట్టికను పీజీఅడ్మిన్ అనే మరో కిటికీ ద్వారా ఎక్కించబోతే అది ఆగిపోయింది. ఫలానా వరుసలో అంకె ఉండవలసిన చోట గీత ఉందని దాని అభ్యంతరం. ఆ పద్ధతిలో ఒక్క వరుస చెడితే మొత్తం పట్టికనే తిప్పి పంపిస్తుంది. చూస్తే నిజమే. పరీక్ష జరగని బోర్ల దగ్గర మాలో ఒకరు చిన్న గీత గీశారు, ఒకరు ఖాళీగా వదిలారు, ఇంకొకరు ‘లేదు’ అని రాశారు. రాత్రి పదకొండయింది, ఓపిక లేదు. గీతలు, ఖాళీలు, ‘లేదు’లు అన్నింటినీ ఒక్క దెబ్బతో సున్నా చేసేశాం. ఈసారి పట్టిక గప్‌చుప్‌గా ఎక్కింది. పటం తయారైంది. 1 లోపు ఆకుపచ్చ, 1.5 దాకా పసుపు, ఆపైన ఎరుపు. చూడ ముచ్చటగా ఉంది.

మాలో ఒకనిది మర్రిగూడ వైపు పల్లె. వాడు కాసేపు పటం దగ్గరగా చూసి, “మా ఊరికి పచ్చ రంగు ఎట్లొచ్చిందిరా? మరి మా నాయనమ్మ నడుము ఎందుకు వంగింది?” అన్నాడు.

గదిలో ఎవరం మాట్లాడలేదు. వాళ్ల ఊరి బోరు పరీక్షించనే లేదు. ‘తెలియదు’ అన్న మాటను మేం ‘లేదు’గా మార్చాం, ‘లేదు’ను ఆకుపచ్చగా మార్చాం. ఆ పటం చేతిలో పట్టుకొని ఏ ఊళ్లకు నీళ్ల ట్యాంకు అవసరమో తేల్చేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల ఊరు జాబితాలోనే ఉండదు. డేటాబేసులో ఖాళీకీ సున్నాకూ మధ్య ఉన్న తేడా ఇంతటిది. పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీకి ‘నల్’ అని ప్రత్యేకమైన గుర్తు ఉంది. సగటు తీసేటప్పుడు నల్‌ను లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది. షేప్‌ఫైలులోని డీబీఎఫ్ పట్టికకు ఈ తేడా సరిగా తెలియదు. ఖాళీ అంకెను సున్నాగా రాసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాబట్టి మనం తప్పు చేయకపోయినా, ఫైలు నాలుగు చేతులు మారి వచ్చేసరికి తప్పు జరిగిపోయి ఉండవచ్చు. మమ్మల్ని ఆపిన కిటికీని ఆ రాత్రి తిట్టుకున్నాం గాని, అది చేసిందే సరైన పని.

ఇక మర్నాటి నుంచి ప్రతి గడినీ అనుమానంతో చూడడం మొదలుపెట్టాం. దొరికినవాటిలో కొన్ని చెబుతాను.

డీబీఎఫ్‌లో నిలువు వరుస పేరు పది ఇంగ్లీషు అక్షరాలకు మించరాదు. మేం వానాకాలం ముందు తీసిన నమూనాకు ‘ఫ్లోరైడ్ ప్రీ’ అనీ, తర్వాతి దానికి ‘ఫ్లోరైడ్ పోస్ట్’ అనీ పేర్లు పెట్టి, పటంతో కలిపి షేప్‌ఫైలుగా దాచుకున్నాం. ఇంగ్లీషులో ఫ్లోరైడుకు ఎనిమిది అక్షరాలు, మధ్య గీత ఒకటి, ఆపైన ‘పి’ ఒకటి, అంతే పది నిండింది. రెండు పేర్లూ ఒకటే అయినాయి! సాఫ్ట్‌వేరు రెండోదానికి తనకు తోచిన నంబరు తగిలించింది. ఏది ముందుదో, ఏది వెనుకదో తెలియక సగం రోజు పోయింది.

తేదీల సంగతి ఇంకా ఘోరం. 05-11-2016 అంటే మనకు నవంబరు 5, వానలు వెళ్లిన తర్వాత. అమెరికా అలవాటుకు అమర్చిన కంప్యూటరుకు అది మే 11, వానలకు ముందు. నమూనా ఋతువే మారిపోతుంది, ఎక్కడా ఎర్ర గీత పడదు. అట్లాగే 12/2 అన్న సర్వే నంబరును స్ప్రెడ్‌షీటు ఫిబ్రవరి 12గా మార్చి కూర్చుంటుంది.

కోడ్ల విషయానికి వస్తే, 2011 జనగణనలో దేశంలో 640 జిల్లాలు, 5,924 మండల, తాలూకా స్థాయి విభాగాలు ఉన్నాయి. మండలం కోడుకు అయిదు అంకెలు, కనుక ప్రతి కోడూ సున్నాతోనే మొదలవుతుంది. స్ప్రెడ్‌షీటు ఆ సున్నాను పనికిమాలినదని మింగేస్తుంది. అప్పుడు పటంలోని కోడుకూ పట్టికలోని కోడుకూ పొత్తు కుదరదు. కోడు చూడ్డానికి అంకెలా ఉన్నా అది పేరే. దాన్ని కూడేది లేదు, తీసేసేది లేదు. అక్షరాల గడిగానే ఎక్కించాలి. పోనీ పేర్లతో కలుపుదామా అంటే చౌటుప్పల్‌ను ఇంగ్లీషులో ఎన్ని విధాల రాస్తారో చౌటుప్పల్ వాళ్లే చెప్పలేరు.

మనకు ఇంకో చిక్కు ఉంది. ఆ జనగణనలో మన రాష్ట్రం కోడు 28, మహబూబ్‌నగర్ 538, నల్లగొండ 539. 2014లో తెలంగాణ ఏర్పడి కోడు 36 అయింది. 2016 అక్టోబరు 11న నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. పాలమూరులోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాదుకు పోయాయి. పాత రిపోర్టులో నల్లగొండ కింద ఉన్న చౌటుప్పల్‌ను కొత్త పటంలో నల్లగొండ కింద వెతికితే దొరకదు. పాత కోడు, కొత్త కోడు పక్కపక్కన రాసిన మూడో పట్టిక ఒకటి ఉండి తీరాలి. మాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దానికే. పాత రెండు జిల్లాల్లో కలిపి 123 మండలాలు మరి.

చివరికి స్థలం సంగతి. బిందువు ఇచ్చేటప్పుడు పోస్ట్‌జిస్‌కు ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం చెప్పాలి. మనం బడిలో నేర్చింది తలకిందులు. నల్లగొండ ఇంచుమించు 17.05 అక్షాంశం, 79.27 రేఖాంశం. ఇవి తారుమారైతే మన బోరు ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో మంచు మధ్య తేలుతుంది! దీనికి నవ్వుకున్నాం గాని, ఇలా కంటికి కనబడే తప్పు మంచిదే.

కనబడనిది కొలమానం తప్పు. ప్రతి కొలమానానికీ ఒక నంబరు ఉంటుంది. డిగ్రీల్లో ఉంటే 4326. మీటర్లలో కావాలంటే భూగోళాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా చీల్చారు. 78 డిగ్రీల రేఖకు తూర్పున 44వ పట్టీ, పడమట 43వది. నల్లగొండ అంతా 44లోనే. మహబూబ్‌నగర్ పట్టణం మాత్రం దాదాపు ఆ రేఖ మీదనే కూర్చుంది. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, అచ్చంపేట ఒక పట్టీలో, నారాయణపేట, మక్తల్, గద్వాల ఇంకో పట్టీలో పడ్డాయి. లాంబ్టన్ దొర 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా సర్వే ఉత్తరానికి సాగింది కూడా ఇంచుమించు ఈ 78 రేఖ వెంబడే. అంటే భూమిని కొలిచేవాళ్లకు పాలమూరు ఎప్పుడూ దారిలోనే ఉంది. లోడరు కిటికీలో ఈ నంబరు గడి మొదట సున్నాగా ఉంటుంది. మనం మార్చకపోతే అది అడగదు, సున్నాతోనే ఎక్కిస్తుంది. పటం ఆకారం సరిగానే కనబడుతుంది, బోర్ల బిందువులతో కలపబోయినప్పుడే పేచీ. మేం అన్నింటినీ 4326లోనే ఉంచి, దూరాలు కొలిచేటప్పుడు మాత్రమే మీటర్లలోకి మార్చుకున్నాం.

పట్టిక ఎక్కించిన వెంటనే ఇప్పుడు మేం చేసే పని ఒకటే. ఎక్కకముందు ఎన్ని వరుసలు, ఎక్కాక ఎన్ని, పటంతో కలిసినవి ఎన్ని, ఖాళీలు ఎన్ని అని కాగితం మీద రాసుకుంటాం. తేడా వచ్చిన ఊళ్లను పేరుపేరునా వెతుకుతాం. పటానికి నాలుగో రంగు కూడా చేర్చాం, బూడిద రంగు, పరీక్ష జరగలేదని. పటం అందం చెడింది. సగం పైగా బూడిదే మరి.

మా మిత్రుడు దసరా సెలవులకు ఊరికి పోతున్నాడు. బోరును కాసేపు పారనిచ్చి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, సీసా మీద గ్రామం కోడు ఆరంకెలూ, తేదీలో నెలను అక్షరాల్లోనూ రాసి తెమ్మని చెప్పాం.