రాయవేలూరు కోటగోడపై

చెన్నపట్టణపు తెలుగువారు రాయవేలూరునకు సాధారణముగా రోగులకు తోడుగా పోవుదురు. మేమును అట్లే పోయితిమి. వైద్యుని పిలుపునకు రెండు గంటల వ్యవధి యుండుటచే, ఒడుగత్తూరు, గుడియాత్తము వైపులనుండి వచ్చిన జనముతో నిండిన వీధులు దాటి కోటగోడ నెక్కితిమి.

ఒకవంక నీటి అగడ్త. రెండవవంక 133 ఎకరముల కోట. 16వ శతాబ్దిలో విజయనగర సామంతులగు నాయకులు దీనిని కట్టించిరి. 1565లో విజయనగరము కూలిన పిమ్మట ఆరవీటి ప్రభువులు పెనుగొండ, చంద్రగిరులు దాటి కడకు ఇచ్చట కొలువుదీరిరి. 1639లో చెన్నపట్టణపు నేలను ఆంగ్లేయులకొసగిన దామెర్ల నాయకుడు ఆ వంశమును కొలిచినవాడే.

ఆ ఆంగ్లేయులపైననే 1806 జూలై 10న సిపాయీలు ఈ కోటలో తిరుగబడిరి. నుదుటిబొట్టు చెరిపి, గడ్డము తీసి, తోలుగుర్తు గల క్రొత్త తలపాగా ధరింపుడన్న యాజ్ఞ వారికి దుస్సహమయ్యెను. బ్రతికిన తెల్లసైనికులు కొందరు గోడపై నిలిచి పోరిరి. ఆర్కాటునుండి పరుగున వచ్చిన గిలెస్పీ త్రాటి సాయమున ఈ గోడనే యెక్కెను. ఆ దినముననే వందలకొలది సిపాయీలు హతులైరి.

సిపాయీల కథ నెరిగినవారు పెక్కురు గలరు. ఇది తెలుగు రాజుల తుది రాజధానులలో నొకటియని తలచువారు అరుదు. లోపలి జలకంఠేశ్వరాలయము చిరకాలము దైవము లేక యుండి, 1981లో మరల పూజలందుకొనెను. రోగికి తోడుగా పోవు మనవారును ఒక గంట మిగిల్చి, పిల్లలను ఈ గోడపై నడిపింతురుగాక.