స్తంభాల గుండా దిగే రొద

వంతెన మీద లారీ పోతుంటే కింద చేపకు వినిపిస్తుందా? గాలి గుండా అయితే దాదాపు వినిపించదు. గాలిలో పుట్టిన శబ్దశక్తిలో 99.9 శాతం నీటిని తాకి వెనక్కే పోతుంది. మిగతా వెయ్యోవంతు లోపలికి దిగాలన్నా నిట్టనిలువుకు 13 డిగ్రీల లోపు వాలుతో పడాలి. అసలు దారి స్తంభాలు. శ్లాబుల మధ్య సందు దగ్గరుండే ఎక్స్‌పాన్షన్ జాయింట్ మీద చక్రం దబ్బున పడ్డప్పుడల్లా శ్లాబు అదురుతుంది. ఆ అదురు స్తంభం గుండా నీటికీ, నది అడుగుకీ పాకుతుంది.

ఒక జాగ్రత్త. నీటిలో 120 డెసిబెల్స్ అని చదవగానే గాలిలో అంత మోతను ఊహించుకోవద్దు. గాలిలో కొలతకు ఆధారం 20 మైక్రోపాస్కల్స్, నీటిలో 1. ఆ తేడాకు నీటి సాంద్రత, అందులో శబ్దవేగం కూడా లెక్కేస్తే సుమారు 62 డెసిబెల్స్ తీసేయాలి. ఈ తీసివేత మరిచిపోతే చేపలు చెవిటివైపోతున్నాయని భయపడడం తేలిక.

అలాగని కొట్టిపారేసే విషయమూ కాదు. ట్రాఫిక్ రొదలో ఎక్కువ భాగం 1000 హెర్ట్జ్ లోపు ఉంటుంది. చాలా చేపలు వినేదీ ఆ మేరలోనే. మన శీలావతి, బొచ్చె ఉన్న కార్ప్ వర్గానికైతే గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరస ఉంటుంది. అందుకే వాటి వినికిడి చురుకు. రొద తగిలేదీ వాటికే ఎక్కువ.

అమెరికాలో అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ వర్గానికి దగ్గరి చుట్టమైన బ్లాక్‌టెయిల్ షైనర్‌ను పరిశీలించారు. జానెడు కూడా ఉండని చేప. రాతి పగుళ్లలో గుడ్లు పెడుతుంది. మగది ఆ పగులు దగ్గర కాపు కాస్తూ, ఆడదాన్ని ఆకట్టుకోవడానికీ సాటి మగదాన్ని తరమడానికీ సన్నగా గుర్రుమంటుంది. చుట్టూ రొద పెరిగితే అదీ గొంతు పెంచుతుందని 2014లో తేలింది. మనుషుల్లో ఈ అలవాటును ఫ్రెంచి వైద్యుడు లాంబార్డ్ 1911లోనే నమోదు చేశాడు. 2015లో రోడ్డు రొద వినిపించి చూస్తే చేపల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగింది, వినికిడి తగ్గింది.

గొంతు పెంచినా ఎంతవరకు? శబ్దం అన్ని వైపులకూ సమంగా వ్యాపిస్తుందనుకుంటే, రొద 6 డెసిబెల్స్ పెరిగినప్పుడు పిలుపు అందే దూరం సగమవుతుంది. 20 పెరిగితే పదోవంతు. అరమీటరు దూరం నుంచి వినాల్సిన ఆడచేప 5 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి.

లోతు లేకపోవడం కొంత మేలు చేస్తుంది. 100 హెర్ట్జ్ శబ్దానికి నీటిలో తరంగం పొడవే 15 మీటర్లు. గట్టి అడుగున్న మీటరు లోతు వాగులో సుమారు 375 హెర్ట్జ్ కంటే తక్కువ శబ్దాలు నీటి గుండా దూరం పోలేవు. కాబట్టి దెబ్బ ముఖ్యంగా వంతెన చుట్టుపక్కలే. అయితే అక్కడే స్తంభాల చుట్టూ పోసిన రాళ్లలో సందులుంటాయి. షైనర్ గుడ్లకు వెతికేదీ అలాంటి చోట్లనే.

వాహనాలను సగానికి తగ్గించినా తగ్గేది 3 డెసిబెల్సే. రోడ్డు పక్క గోడలు ఒడ్డున ఉన్న ఇళ్లకు పనికొస్తాయి గానీ చేపకు కాదు. జాయింట్లు ఎత్తుపల్లాలు లేకుండా సరిచేయడం, శ్లాబుకూ స్తంభానికీ మధ్య అదురు తాగే రబ్బరు బేరింగులు బాగుండేలా చూడడం మేలు. వంతెనకు ఎలాగూ చేయాల్సిన మరమ్మతులే ఇవి.